ఏప్రాన్ అంచున ప్లాస్టర్ ముక్కలు

నా భార్యకు రక్తం బాగా తగ్గిందని ఆసుపత్రిలో చేర్చాక మొదటి రెండు రోజులూ నేను డాక్టర్ల ముఖాలు చూడలేదు. వాళ్ళ గుడ్డలు చూశాను. నలభై ఏళ్ళకు పైగా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడికి మనిషి కన్నా ముందు బట్ట కనబడుతుంది. నూలు ఎంతుంది, టెరికాట్ ఎంత కలిసింది, కుట్టు ఎక్కడ విడుతుంది, అన్నీ అడక్కుండానే కంటికి తగులుతాయి. అదొక జబ్బు. దానికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు.

ఆ ఆసుపత్రి ఏదో రాయను. కడప, కర్నూలు జిల్లాల్లో డాక్టరు చదువులు చెప్పే ఆసుపత్రుల్లో ఒకటి అనుకోండి. పేరు రాస్తే ఎవరో మీద పడతారని భయం కాదు, పడనీ. ఒక్కచోటే ఇట్లా ఉందని చదివేవాళ్ళు సర్దుకుంటారని రాయడం లేదు.

నా చిన్నప్పుడు మైదుకూరులో ఒక డాక్టరు ఉండేవాడు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లకోటు. ఆ కోటు వస్తూ ఉంటే వీధిలో కుక్క కూడా పక్కకు తప్పుకునేదని మా నాయన అనేవాడు. ఆయన చేతిలో ఏమీ ఉండేది కాదు, మెడలో గొట్టం తప్ప. ఆయన వెనక కాంపౌండరు, కాంపౌండరు చేతిలో తోలుసంచి. డాక్టరంటే అట్లా ఉండాలని నాకు అప్పటినుంచీ ఒక లెక్క. నేను బడికి పోలేదు. మగ్గం గుంత పక్క గోడకు సున్నం రాలకుండా మా నాయన పాత పేపర్లు అంటించేవాడు. మగ్గం మీద నాడెను అటూ ఇటూ కొడుతూ, ఆ గోడను చూస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. ఒకే పేపరును ఏడాదంతా చదివాను. అట్లా చదివినవాడికి మర్చిపోవడం రాదు, ఊరుకోవడం కూడా రాదు. మా వీధి కొళాయికి, నేతగాళ్ళ పింఛన్లకు, పగిలిన కాలువకు, అన్నిటికీ అర్జీలు రాసింది నేనే.

మా వార్డులో హౌస్ సర్జన్లు ఐదారుగురు ఉన్నారు. డాక్టరు పరీక్షలన్నీ పాసై, ఆఖరి ఏడాది వార్డుల్లో ఊడిగం చేసేవాళ్ళను హౌస్ సర్జన్లంటారు. మా మంచం చూసే పిల్లది వేంపల్లె వైపు. సన్నగా, నిలబెట్టిన దారపుకండెలాగా ఉంటుంది. ఆ పిల్ల ఏప్రాన్ చూసి మొదటిరోజే నాకు ఒళ్ళు మండింది. తెల్లకోటును వాళ్ళు ఏప్రాన్ అంటారు. అది తెలుపు కాదు, కడిగిన కుండ అడుగు రంగు. కుడిజేబు మూల చినిగిపోతే కుట్టుకోలేదు, కాగితాలకు కొట్టే పిన్నులు కొట్టింది. కాళ్ళకు చిల్లుల రబ్బరు చెప్పులు. మెడలో గొట్టం ఉంది గానీ, దానికి ప్లాస్టర్ చుట్ట ఒకటి గాజులాగా తొడిగింది. జేబుల్లోనుంచి దూది బయటికి వస్తూ ఉంటుంది. ఒక జేబులో రక్తం తీసే ట్యూబులు, సూదులు, రబ్బరు గ్లవుజులు, మోకాలి మీద కొట్టే చిన్న సుత్తి. ఇంకో జేబులో టార్చి, సగం తిన్న బిస్కెట్ పొట్లం, ఫోను. పెన్నును మాత్రం దారంతో గుండీకి కట్టుకుంది.

"ఏమి పాపా, ఆ జేబుల్లో మీ ఇల్లంతా పెట్టుకోనుండావా?" అని అడిగాను.

"ఇల్లే తాతా. పడకొకటే తక్కువ," అంది నవ్వకుండా.

"పెన్నుకు పలుపు యేంటికి కట్టినావు? ఎద్దా అది?"

"కట్టకపోతే నీలాంటోళ్ళు అడిగి తీసుకోని పోతారు. ఈ నెలలో ఇది ఎన్నోదో నాకే తెల్దు."

అంతకంటే వింత ఇంకొకటుంది. ఏప్రాన్ ముందు అంచు మీద, గుండీల పక్కనే పైనుంచి కిందికి తెల్ల ప్లాస్టర్ ముక్కలు వరసగా అంటించి ఉండేవి. ఒక్కో ముక్క మీద ఒక మంచం నంబరు, ఆ మంచంలో ఉన్న మనిషి పేరు. పొద్దున్నే కూర్చుని అన్నీ ఒకేసారి రాసుకుంటారట. మంచం దగ్గరికి వచ్చాక ఒక చేత్తో నరం పట్టుకుని, ఇంకో చేత్తో రక్తం లాగి, ట్యూబులో పోసి, అంచు మీది ముక్క చించి ట్యూబుకు చుట్టేస్తారు. వాళ్ళకు ఇది ఎవరూ నేర్పలేదు. ముందటేడు వాళ్ళను చూసి వీళ్ళు, వీళ్ళను చూసి రాబోయేవాళ్ళు. పని తొందరగా అవుతుంది, నిజమే. నాకు మాత్రం గోడమీద పోస్టర్లు నడిచి వస్తున్నట్టు కనబడేది.

చేరిన రోజు ఆ పిల్ల నా భార్యను పేరు అడిగింది, ఆమె చెప్పింది. "మీ ఆయన పేరేంది అవ్వా?" అనేసరికి మా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది.

"ఈడనే ఉండాడు గదా, ఆయన్నే అడుగు."

పక్క మంచం ఆమె పక్కున నవ్వింది. "చెప్పక్కా! మొగుని పేరు చెప్తే ఆయుస్సు తగ్గుతాదని ఇంగా నమ్ముతాండావా?"

"తగ్గితే నువ్విస్తావా?" అంది మా ఆమె.

వార్డంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వి నన్ను అడిగి రాసుకుంది. ఆ తర్వాత మా మంచం దగ్గర పేర్లు అడగడం మానేసింది. తెలిసిన అవ్వే గదా, తెలిసిన తాతే గదా అని.

రెండో రోజు సాయంత్రం నేను అర్జీ మొదలుపెట్టాను. "సూపరింటెండెంటు గారి సముఖమునకు. తమ ఆసుపత్రిలో పనిచేయు యువ డాక్టర్ల దుస్తులు, వారు మోయు సామాను రోగులకు నమ్మకము కలిగించునట్లు లేవని విన్నవించుకొనుచున్నాను." అర్జీల్లో నేను ఇప్పటికీ ఈ భాషే రాస్తాను. అధికారులు చదవకపోయినా నిటారుగా కూర్చుంటారని నా నమ్మకం.

మూడో రోజు పొద్దున పెద్ద డాక్టరు చూసి, రక్తం ఇంకా తగ్గింది, ఈ రోజే ఎక్కించాలి, ఆలస్యమైతే గుండె తట్టుకోదు అన్నాడు. మా ఆమె నాలుగడుగులు నడిస్తే రొప్పుతోంది. పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. మా ఆమె రక్తం కొంచెం తీసి కింద బ్లడ్ బ్యాంకుకు పంపితే, వాళ్ళ దగ్గరున్న రక్తం దానితో కలుస్తుందో లేదో చూసి సీసా ఇస్తారు. కలవనిది ఎక్కిస్తే మనిషి దక్కదు. ఇది నాకు ఎవరో చెప్పింది కాదు, చదువుకున్నదే.

అదే పూట ఆరో నంబరు మంచం ముసలామె ఆ పిల్ల మీద కక్కుకుంది. ఏప్రాన్ ముందు భాగమంతా పాడైంది. ఆ పిల్ల విసుక్కోలేదు. ముసలామె మూతి తుడిచి, తల పట్టుకుని పడుకోబెట్టి, ఏప్రాన్ విప్పి చుట్ట చుట్టి బకెట్లో వేసింది. ఏప్రాన్ లేకుండా వార్డులో కనబడితే పెద్ద డాక్టరు బయటికి పంపించేస్తాడు. హాస్టలుకు పోయి ఇంకొకటి తెచ్చుకోవడానికి టైము లేదు. ముందురోజు పొద్దున వచ్చిన పిల్ల ఇంకా ఇంటిమొహం చూడలేదు. ఎదుటి ఆడవాళ్ళ వార్డులో పనిచేసే స్నేహితురాలు స్నానానికి పోతూ తన ఏప్రాన్ కుర్చీకి తగిలించి పోయిందట. దాన్ని వేసుకుని వచ్చింది. అది ఆమెకు పెద్దది, మోకాళ్ళ కిందికి వేలాడుతోంది. దాని అంచున కూడా ప్లాస్టర్ ముక్కలున్నాయి. నేను చూశాను. చూసి, అందరూ ఒకే రకం అనుకున్నాను గానీ ఇంకేమీ తోచలేదు. అది నా తప్పు కూడా.

ఆ పిల్ల వచ్చి రబ్బరు గ్లవుజును తాడులాగా మా ఆమె జబ్బకు బిగించి కట్టింది. నరం దొరకలేదు. ఇంకో చేయి చూసింది.

"ఉన్న నెత్తురంతా మీరే తీసుకుంటాండారు. ఇంగ నాకు ఎక్కించేదేముండాది?" అంది మా ఆమె.

"ఇదొక్కటే అవ్వా. కదలద్దు."

ఊదారంగు మూత ట్యూబులో నెత్తురు నిండింది. అంచు మీద వేలితో వెతికి, పన్నెండు అని ఉన్న ముక్క చించి చుట్టింది. మాది పన్నెండో మంచమే. ట్యూబు, కాగితం నా చేతిలో పెట్టి, "తాతా, బిన్నా పోయి కింద ఇచ్చిరా, లేటు చేయద్దు," అంది. సాంపిళ్ళు మోసేది అక్కడ రోగి తాలూకు మనుషులే.

బ్లడ్ బ్యాంకు కిటికీ ముందర పది మంది వరస. నాకు ముందు ఎర్రగుంట్ల సిమెంటు లారీ నడిపే మనిషి ఒకడు, తమ్మునికి రక్తం కోసం వచ్చాడు. నాకు చేతిలో అక్షరం ఉంటే చదవకుండా ఉండలేను. కాగితం చదివాను. నా భార్య పేరు, నా పేరు, పన్నెండు, సరిగ్గా ఉన్నాయి. ట్యూబు తిప్పి చదివాను. పన్నెండు. కింద పేరు నా భార్యది కాదు. ఎవరిదో. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ పేరు మా ఇంట్లో ఎవరికీ లేదు.

మళ్ళీ చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాను.

"జరుగప్పా ముందుకు," అన్నాడు లారీ మనిషి.

"ఇది మా ఇంటామె పేరు కాదు."

అతను ట్యూబు తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. "రక్తం ఎవురిది?"

"ఆమెదే. నా కండ్ల ముందరే తీసినారు."

"మరింగేమి? ఆ పట్టీ పీకేసి నీ ఇంటామె పేరు రాసి అంటించు. నీకు రాయను వస్తాది గదా."

"అట్ల రాయొచ్చునా?"

"రాయకపోతే ఏమైతాదో చెప్తా విను. ఆ కిటికీలో ఉండాడే, వానికి తప్పు కనపడితే ఎర్రింకుతో రిజిస్టరులో రాస్తాడు. మొన్న మా వార్డులో డాక్టరు పిల్లోనికి అట్లనే రాసినాడు. ఆ పిల్లోన్ని ఇంగా రెండు నెలలు వార్డులోనే ఉండమన్నారు. నీకూ ఆలస్యమే. ఎవురికి లాభమప్పా?"

నా జేబులో పెన్ను ఉంది. ప్లాస్టర్ కొస కింద బొటనవేలి గోరు దూర్చాను కూడా. రక్తం నా భార్యదేనని నాకంటే బాగా ఎవరికి తెలుసు? రాసి ఇస్తే గంటలో సీసా వస్తుంది. ఆమెకు గంట గంటకూ ఊపిరి తగ్గుతోంది.

గోరు అక్కడే ఆగిపోయింది. పడుగు నిలువు దారాల్లో ఒకటి పక్కదాని చోట్లో దూరిందంటే తప్పు ఒక్క దారంతో ఆగదు. ఎదుటి వార్డులో కూడా పన్నెండో మంచం ఉంది, అందులో ఈ పేరుగల ఆమె ఒకతి ఉంది. ఈ ఏప్రాన్ వేసుకున్నప్పటినుంచి ఆ పిల్ల ఇంకెన్ని ముక్కలు చించి ఎవరి నెత్తురుకు చుట్టిందో? నేను పట్టీ పీకి నా ఇల్లు చక్కబెట్టుకుంటే మిగతావి అట్లాగే పోతాయి. అది దాచిన తప్పవుతుంది, దాచింది నేనే అవుతాను.

వరస వదిలి మెట్లెక్కాను. లిఫ్టు స్ట్రెచర్లకే. రెండంతస్తులు, నా మోకాళ్ళు. ప్రతి మెట్టు మీద ఒక తిట్టు సిద్ధం చేసుకున్నాను.

ఆ పిల్ల బల్ల మీద కేస్ షీట్లు ముందర పెట్టుకుని, పెన్ను పట్టుకునే నిద్రపోతోంది. రాస్తున్న అక్షరం కాగితం మీద కిందికి జారి గీతయిపోయింది.

"లే పాపా."

"ఇచ్చినావా తాతా?"

"ఇయ్యలే. చదువు ఇది."

చదివింది. మనిషి ముఖంలో నెత్తురు దిగిపోవడం అంత దగ్గరనుంచి ఎప్పుడూ చూడలేదు.

"ఇది నా ఏప్రాన్ కాదు తాతా..."

"ఏప్రాన్ ఎవురిదైతే నాకేమి? చేయి నీదే గదా!" వార్డంతా తిరిగి చూసేలా అరిచాను. "నా పెండ్లాన్ని చంపుతావా? నీకు ఇన్నేండ్లు చదువు చెప్పిందెవురు? ఒక పేరు చదివి అంటించను రాదా?"

ఆమె నా మాట వినడం లేదు. ఏప్రాన్ అంచు పట్టుకుని పైనుంచి కిందికి వేలు జరుపుతోంది. ముక్కలు చినిగిన ఖాళీల దగ్గర వేలు ఆగుతోంది.

"మూడు చించినా," అంది. "ఇదొకటి. ఇంగా రెండు."

ఆ ఏప్రాన్ విప్పి కుర్చీలో పడేసి పరుగెత్తింది. చిల్లుల చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినబడింది.

నేను మంచం దగ్గరికి పోయి కూర్చున్నాను.

"యేంటికట్ల అరిచినావు ఆ బిడ్డ మీద?" అంది మా ఆమె.

"నీకు తెల్దు, గమ్మునుండు. వేరే నెత్తురు ఎక్కించింటే?"

"ఎక్కించలేదు గదా."

"ఎక్కించింటే?"

"ఎక్కించినప్పుడు అరుద్దువు లే. ఇప్పుడు రొన్ని నీళ్ళియ్యి."

చాలాసేపటికి ఆ పిల్ల వచ్చింది. ఒక ట్యూబు వార్డు పెట్టెలోనే ఉంది, ఇంకోటి ల్యాబుకు పోయింది గానీ రిపోర్టు రాలేదు. రెండూ ఆపించింది, రెండూ పారబోయించింది. మళ్ళీ తీయాలి. మా ఆమె చేతికి మళ్ళీ గ్లవుజు కట్టింది. ఈసారి పేరడిగి, మంచం తలగడ దగ్గర నంబరు చూసి, కేస్ షీట్ చూసి, మా ఆమె చూస్తుండగా ప్లాస్టర్ మీద రాసింది. నేను మెట్లు దిగి ఇచ్చి వచ్చాను.

తరువాత జరిగింది నాకు పక్క మంచం ఆమె చెప్పింది. నేను కింద ఉన్నప్పుడు ఆ పిల్ల తనంతట తానే, వాళ్ళమీద అజమాయిషీ చేసే అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గరికి పోయి జరిగింది చెప్పిందట. ఎవరూ పొమ్మనలేదు. రెండు ట్యూబులు పారబోయించి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ తీసి పంపి ఉంటే పైవాళ్ళకు తెలిసేదే కాదు.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు, వెనక ఆరుగురు పిల్లలు. ఆయన కోటు చూశాను. మంచి గుడ్డ. చేతుల మడత కత్తిలాగా ఉంది. జేబులో ఒకే ఒక పెన్ను, దానికి దారం లేదు. నేను అర్జీలో కోరింది ఇట్లాంటి కోటే. ఆయన చేయి చాపితే ఒక పిల్లోడు సుత్తి ఇచ్చాడు, ఇంకో పిల్ల టార్చి ఇచ్చింది. మైదుకూరు డాక్టరు కోటు అంత తెల్లగా ఎందుకుండేదో నాకు డెబ్బై దాటాక అర్థమైంది. ఆయన సంచి కాంపౌండరు మోశాడు.

"పెద్దాయనా, తప్పు పట్టుకున్నది నువ్వేనా? శానా మంచి పని చేసినావు. ఒక కంప్లైంటు రాసియ్యి. ఈ అమ్మాయి మీద యాక్షన్ తీసుకోవాలంటే కాగితం ఉండాల."

తెల్లకాగితం నా ఒళ్ళో పెట్టారు. నా జీవితంలో అధికారి తానై అర్జీ రాయమని అడిగింది అదొక్కసారే. ఆ పిల్ల తన చెప్పుల వైపు చూస్తూ నిలబడింది.

రాశాను. వాళ్ళు మిగతా మంచాలు చూసి వచ్చేవరకూ మోకాలి మీద పెట్టి రాశాను. వేరే పేరు అంటించిందని మొదటి వాక్యంలోనే రాశాను, దాచలేదు. ముందురోజు పొద్దుననుంచి ఆ పిల్ల వార్డు విడిచి పోలేదని రాశాను, సాక్షిని నేనే. కక్కిన ఏప్రాన్ మార్చుకోవడానికి ఇక్కడ ఇంకొకటి ఉండదని, ఏప్రాన్ లేకుంటే నిలబడనివ్వరని రాశాను. పేర్లు అచ్చువేసి అంటించే మనిషి లేడు గనుక పిల్లలు అంచుకు అంటించుకుంటున్నారని, సాంపిళ్ళు మోసే మనిషి లేడు గనుక నేను మోశానని, నాకు చదువు రాకుంటే ఈ ట్యూబు కిటికీ లోపలికి పోయేదని రాశాను. కింద నా సంతకం, మంచం నంబరు.

ఆయన నిలబడే చదివాడు. "నేనడిగింది ఇది కాదు పెద్దాయనా."

"నేను చూసింది ఇదే సార్."

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పెన్ను వెనక జేబులో దోపుకున్నాడు. అది ఏమైందో నాకు తెలియదు. ఇన్నేళ్ళు రాసిన అర్జీలు ఏమయ్యాయో తెలిస్తే గదా దీని సంగతి తెలిసేది. ఆ పిల్లకు వార్డు పని పదహైదు రోజులు పొడిగించారు. అందరితోపాటు సర్టిఫికెట్ రాదు, వెనకపడి ఒక్కతే ఉండాలి.

సాయంత్రం రక్తం సీసా కట్టడానికి వచ్చినప్పుడు అన్నాను, "పైకి రాస్తా పాపా. కలెక్టరుకు రాస్తా."

"వద్దు తాతా. తప్పు చేసింది నేనే."

"నిద్ర లేకుండా నిన్ను నిలబెట్టినోళ్ళది తప్పు ల్యాదా?"

"ఉండాది. దాన్ని రాసుకునే రిజిస్టరు ల్యాదు," అని సీసా మీద పేరు వేలు పెట్టి చదివి, నన్ను కూడా చదవమంది. చదివాను. చుక్క చుక్క దిగడం మొదలైంది. రెండో సీసా సగమయ్యేసరికి మా ఆమె పెదవులకు కొంచెం రంగు వచ్చింది. ఆకలి అంది.

మర్నాడు పొద్దున మళ్ళీ రక్తం తీయడానికి వచ్చారు. మిగతా పిల్లల ఏప్రాన్ల అంచున మామూలుగానే ప్లాస్టర్ ముక్కలున్నాయి. ఏమీ మారలేదు. ఆ పిల్ల ఏప్రాన్ ఇంకా తడిగా ఉంది, ఉతికి ఆరకముందే వేసుకుంది. దాని అంచు బోసిగా ఉంది. ప్రతి మంచం దగ్గరా ఆగి, పేరడిగి, కేస్ షీట్ తెరిచి, ప్లాస్టర్ పళ్ళతో చించి, అక్కడే రాస్తోంది. పక్క వరస చూసే పిల్లోడు ఎప్పుడో ముగించుకుని పోయాడు. ఈ పిల్ల ఇంకా నాలుగో మంచం దగ్గరే ఉంది.

ఐదో మంచం దగ్గర నిలబడిన మనిషి అరిచాడు. "ఏమ్మా, పొద్దు పోతాండాది! ఆ వరసలో అందరివీ అయిపాయ. నువ్వేమి సినిమా టైటిళ్ళు రాస్తాండావా?"

ఆ పిల్ల తలెత్తలేదు. నాకు ఆ మనిషిని తిట్టాలని నోటిదాకా వచ్చింది. తిట్టడానికి కూడా ఓపిక ఉండాలి.

"ఉండప్పా. రాయనీ," అన్నాను.

"నువ్వెవురు చెప్పేకి?"

"నా మంచం ఇంగా వెనక. నేనే కాసుకోనుండా గదా ఈడ."

అతను గొణుక్కుంటూ గోడకు ఆనుకున్నాడు. ఆ పిల్ల ఐదో మంచం దగ్గరికి వచ్చి, పెన్ను దారం సరిచేసుకుని, మళ్ళీ మొదటినుంచి అడగడం మొదలుపెట్టింది. మా మంచానికి ఇంకా ఏడు మంచాలున్నాయి. మా ఆమెను లేపకుండా, ఆమె రవికె చేయి పైకి మడిచిపెట్టి, కూర్చున్నాను.